ముప్పై ఒకటి పాయింట్ తొమ్మిది

అల్ ఖోర్ సైటుల నా పని
మూడు కాళ్ల స్టాండు మీది యంత్రాన్ని చూసుడు.
ఒక నల్ల గుండు, ఒక తడి వత్తి, ఒక అంకె.
అరగంటకోసారి రిజిస్టర్ల ఎక్కియ్యాలె.
ముప్పై రెండు పాయింట్ ఒకటి దాటితే
విజిల్ ఊదాలె, అందరు నీడకు రావాలె.
విజిల్ నా మెడలనే ఉంటది.

ఆ దినం పొద్దుగాల తొమ్మిదిన్నర.
పదింటికి ఎట్లైనా పని బంద్.
సముద్రం దిక్కు గాలి లేదు,
తడిబట్ట మొకం మీద కప్పినట్టు ఉక్క.
రాడ్లు కట్టే గంగమల్లు నిచ్చెన దిగొచ్చిండు.
ఆయనకు చెమట పడుతలేదు. గది నేను చూసిన.
"ఆపుమంటవా తమ్మీ?" అన్నడు.
నేను ఆయన మొకం ఇడిసి యంత్రం దిక్కు చూసిన.
"ఇంక రాలే అన్నా."
అంకెకు దండం పెట్టినట్టు చెయ్యెత్తి
మల్ల ఎక్కిండు.

ఎంక్వైరీల యంత్రాన్ని దోహాకు కొంటవోయి పరీక్ష చేసిండ్రు.
సరిగ్గనే ఉన్నది. అబద్ధమాడలే.
డాక్టర్ కాగితంల, గుండె ఆగింది.
అదీ అబద్ధం కాదు,
ఎవల గుండెకైనా ఆఖరుకు అదే పని.

ఆఫీసర్ అరబ్బీల అడిగిండు,
సుడాన్ గుమస్తా ఇంగ్లిషుల చెప్పిండు,
నా దాకా వచ్చేసరికి ఇట్లయింది:
"నీ తప్పు ఉన్నదా?"

తప్పు.
లెక్కల పడ్డదీ తప్పే, దొంగతనమూ తప్పే.
తోవ తప్పినోనికి, మాట తప్పినోనికి
మావోళ్లు ఒక్క మాటనే పంచిచ్చిండ్రు.
తప్పదు అంటే ఇగ చేసేదేం లేదని.
తప్పింది అంటే గండం పోయిందని సుత.
ఇండ్ల ఏది చెప్పాలె నేను?
గుమస్తా పెన్ను పట్టుకొని చూస్తున్నడు,
ఆయన కాగితం మీద ఉన్నయి రెండే డబ్బాలు.
"అంకె సరిగ్గనే రాసిన" అన్న.
బతికిచ్చినవన్నట్టు టిక్కు పెట్టిండు.

నిన్న, ముప్పై పాయింట్ నాలుగుకే
విజిల్ ఊదిన.
ఫోర్మన్ ఉరికొచ్చిండు. కిత్నా హై? చెప్పిన.
ఫిర్ క్యోఁ?
అవతల నిచ్చెన మీద నేపాలీ పిలగాడు,
వాని నుదురు ఎండిన గచ్చు లెక్క.
ఏడేండ్లు మాట్లాడిన హిందీల
చెమటను ఏమంటరో నోటికి రాలే.
అరచెయ్యి నా నుదురుకు రాసి, తడి చూపిచ్చిన.
ఫోర్మన్ చెయ్యిని చూసిండు. రిజిస్టర్ చూసిండు.
పిలగాడు నిచ్చెన నడుమల ఆగిండు,
ఎక్కాల్నా, దిగాల్నా అని.