ఎడమ కనుబొమ

వేళ్ళు చాచమంటాను, చాస్తాడు.
కుర్చీ తిరగేసి కూచుని
దాని వెన్ను మీద గడ్డం ఆనించి,
నూట ఇరవై కిలోల మనిషి
గోరింటాకు పెట్టించుకునే పిల్లలా
కదలడు.

నేను వాటర్లూలో మంగలిని.
గడ్డం గీస్తూ గాటు పడితే పటిక అద్దేవాణ్ణి.
ఆ చెయ్యి చూసే నన్ను పిలిచారు
పోరాటాల దగ్గర రక్తం ఆపడానికి.

డెల్‌బర్ట్ హ్రుస్కా మొదటి పోటీ
జిల్లా సంతలో, పశువుల కొట్టంలో.
కింద ఇంకా రంపపు పొట్టు, పేడ వాసన.
నాలుగు వందల డాలర్లు, ఒక పూట భోజనం.
డబ్యూక్ నుంచి వచ్చిన బార్ కాపలావాణ్ణి
నలభై ఒక్క సెకన్లలో పడగొట్టి,
మోకాళ్ళ మీద కూచుని
ఆ పొట్టులో
వాడి పన్ను వెతికిపెట్టాడు.

ఈ బరువులో ఆటకి వ్యాకరణం లేదు.
పావుగంట గెలుస్తూ వచ్చినవాడు
ఒక్క దెబ్బకి
వాక్యం మధ్యలో

నగోయాలో ముప్పై వేలమంది
ఊపిరి బిగబట్టి చూశారు.
అంత నిశ్శబ్దంలో దెబ్బలు తినడం
సిగ్గేసిందన్నాడు, విమానంలో.

బెల్టు కోసం ఒక్కసారే పిలిచారు.
సరిగ్గా తొమ్మిది రోజుల ముందు
పందుల దాణా బస్తా ఎత్తుతుంటే మోకాలు జారింది.
మళ్ళీ పిలవలేదు.
కాగితం మీద ఇరవై నాలుగు గెలుపులు, పదమూడు ఓటములు,
ఒక డ్రా.
ఎప్పుడూ ఆ డ్రా గురించే మాట్లాడేవాడు.

చెవులు నలిగి నలిగి
ఎండిన కాకరకాయ చెక్కలయ్యాయి.
ఎడమ కనుబొమ ఏడుసార్లు చిట్లింది.
రోజూ నడిచే దారిలా నాకది తెలుసు,
ఎక్కడ గుంట, ఎక్కడ అతుకు.
విరామం ఒక్క నిమిషం.
తలుపు తీసి స్టూలు వేసేసరికే అందులో కొంత పోతుంది.
మిగిలినదాంట్లో ఆ దారి పూడ్చాలి.
ఏడుసార్లూ పూడ్చాను.

నలభై రెండో ఏట, కౌన్సిల్ బ్లఫ్స్ కాసినోలో,
రెండు చేతులకీ పట్టీలు చుట్టాక
"ఎడమది ఎప్పుడు చుడతావ్?" అన్నాడు.
అప్పటికే దాని మీద
కమిషన్ మనిషి సంతకం కూడా పెట్టేశాడు.
చూపించాను. నవ్వాడు.
నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఇంకా నా గొంతు దిగలేదు.

వెర్లా ఎప్పటిలాగే లోపలికి రాలేదు,
పార్కింగులో కారు ఇంజను ఆపకుండా
రేడియోలో వాతావరణం వింటూ కూచుంది.

ఎదురుగా టల్సా కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు.
మావాడు గెలుస్తున్నాడు.
అదే చిక్కు.
గెలిస్తే ఇంకో పోటీ.
ఇంకో పోటీ తర్వాత ఇంకోటి.

రెండో రౌండు చివర కనుబొమ తెరుచుకుంది.
చెవి వెనక మందు పుల్ల ఉంది,
చేతిలో మంచులో పెట్టిన ఇనుము ఉంది.
నొక్కాలి.
నొక్కినట్టు కనిపించాను.

రక్తం తన దారి తాను చూసుకుని కంట్లోకి దిగింది.
డాక్టరు టార్చి వేసి ఎన్ని వేళ్ళని అడిగాడు.
హ్రుస్కా కాసేపు ఆలోచించి
బేరమాడినట్టు ఒక అంకె చెప్పాడు.
ఆపేశారు.

జనం అరిచారు, బీరు కప్పులు విసిరారు.
నన్నెవరూ ఏమీ అడగలేదు.
అతనొక్కడే
నా మొహం కాదు, నా బొటనవేలు చూశాడు.

పద్నాలుగు నెలలు మాట లేదు.
అతని జుట్టు ఎవరు కత్తిరించారో తెలీదు,
బాగా మాత్రం కత్తిరించలేదు.

మార్చిలో ఒక మంగళవారం షాపులోకి వచ్చి
కుర్చీ చేతి మీద అరచెయ్యి పెట్టి
అడక్కుండానే వేళ్ళు చాచాడు.
కంచె చెక్క పేడు, గోరు కింద, లోతుగా.
పట్టకారుతో లాగాను.
ఆవగింజంత రక్తం.

బొటనవేలితో అదిమాను.
గోడ మీద గడియారం తిరుగుతోంది.
బయట ఎవరిదో ట్రక్కు స్టార్టవక మొరాయిస్తోంది.

"ఎంతసేపు నొక్కుతావోయ్,
ఎప్పుడో ఆగిపోయింది" అన్నాడు.