తడి తగలకూడదు

ఫ్రిజ్ వచ్చిన పెట్టె ఇది.
పాతికేళ్ళు నా పని మొయ్యడం, విప్పడం, అట్ట పారేయడం,
వెస్ట్ వ్యాలీలో నేనెక్కని మెట్లు లేవు.
మోకాలు మొండికేశాక
పాత షాపు కుర్రాళ్ళు పెట్టెలు నా వాకిట్లో దించిపోతున్నారు.

గ్యారేజీలో హీటరు పక్కన కూర్చుని కోస్తాను.
అడ్డంగా కోస్తే అట్టలో అలలు,
రెండు కాగితాల నడుమ మడిచిపెట్టిన సముద్రం.
పై పొర తడిపి ఒలిస్తే
ఆ చారలే ఉలి జాడలు.
కాఫీ మడ్డి రెండు పూతలు,
మిగిలిన బూటు పాలిష్‌తో కనుబొమలు,
గుడ్ల ట్రే చింపితే పళ్ళు.

ముక్కూ మొహం తెలియనివాడికి
ముక్కూ మొహం పెడుతున్నాను.
నాకు తెలిసిందల్లా ఒక హోటలు.
నాన్నకి బోనస్ వచ్చిన రాత్రి, నాకు ఏడేళ్ళు,
వెదురు తలుపు, ప్లాస్టిక్ జలపాతం,
గోడ మీది ఎర్రకళ్ళ టికీ
నా నిమ్మరసంలోకి తొంగి చూసింది.
ఆ రాత్రి నాన్న ఒక్కసారీ గడియారం చూసుకోలేదు.
ఆ చోట ఇప్పుడు టైర్లు అమ్ముతారు.

కళ్ళకి రెండు ఎల్ఈడీలు, కొవ్వొత్తిలా వణికే రకం.
పాట పాడే పుట్టినరోజు కార్డులోంచి పీకిన
బిళ్ళ బ్యాటరీ ఒకటి.
టంకం కరిగి పొగ లేచింది,
ఈ గ్యారేజీ ఎరిగిన ధూపం అదే.
కుడి కన్ను వెలిగింది.
ఎడమది మొరాయించింది.

పక్కింటి ఫినౌ మంచు పార గోడకానించి లోపలికొచ్చాడు.
"పొడుగు కాలు ప్లస్ కదా, తిరగేసి పెట్టావు."
బుర్ర వెనక్కి వేళ్ళు పోనిచ్చి కాళ్ళు మార్చాడు.
రెండో కన్ను తెరుచుకుంది.
"ఎవరితను?"
"ఎవరూ కాదు."
"ఎవరూ కాకపోతే అంత కోపమెందుకు?"

వాణ్ణి వెతుక్కుంటూ వాళ్ళ బామ్మ లోసేలి వచ్చింది.
టోంగాలో పుట్టి, ఇక్కడి ఆసుపత్రి వంటింట్లో
ముప్పై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి.
బొమ్మని చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.
"మా పెదనాన్న ముక్కు! అచ్చు గుద్దినట్టు!
ఇన్ని పళ్ళు మాత్రం ఆయనకి లేవు."
నేనూ నవ్వాను, అందులో సగం సిగ్గు.

అంతలో ఆమె చూపు
దూలం నుంచి దిగిన తీగ మీద పడింది.
"వేలాడదీస్తావా?"
"వీధిలోకి కనబడాలిగా."
చేతి తొడుగు ఒక్కో వేలే విప్పింది.
"కొత్త ప్రార్థనలు వచ్చిన రోజుల్లో
మావాళ్ళ చెక్క దేవతల్ని
మెడకి తాడేసి దూలానికి కట్టారట.
మా బామ్మకి వాళ్ళ బామ్మ చెప్పిందట.
నేను ఆదివారం చర్చి మాననిదాన్నే,
ఆ దేవతల పేర్లు కూడా నాకు రావు.
అయినా, మెడకి తాడు మాత్రం వద్దు."

నా బొమ్మకి మెడే లేదు.
ఆ మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

తీగ విప్పి, బొమ్మని తెచ్చి
వాషింగ్ మెషీన్ మీద నిలబెడుతుంటే
వీపు ఆమె వైపు తిరిగింది.
పైకి చూపే రెండు బాణాలు, ఒక గొడుగు బొమ్మ,
కింద పెద్ద అక్షరాలు.
లోసేలి కూడబలుక్కుని చదివింది,
"తడి తగలకూడదు."
ఇంకోసారి చదివింది.
"సముద్రం మీద బతికినవాడికా!"
కూర్చోడానికి కుర్చీ వెతుక్కుంది,
నవ్వో మరొకటో తెలియలేదు,
తొడుగుతోనే కళ్ళు తుడుచుకుంది.

బయట మంచు మళ్ళీ మొదలైంది.
బ్యాటరీ వారం వస్తుందేమో, అంతకంటే రాదు.
ఫినౌకి అదేం పట్టలేదు,
మిగిలిన అట్టముక్క, నా కత్తెర అందుకున్నాడు.
"ఇతనికి చెవుల్లేవు. పెదనాన్నవి ఎలా ఉండేవి?"

లోసేలి కళ్ళు మూసుకుంది.
చాలాసేపు.
"పెద్దవి," అంది.
వాడు గీత గీసి చూపించాడు.
"ఊహూ. ఇంకా పెద్దవి."