చెల్లని బిళ్ళ

ఆంతొఫగాస్తా దాటి రెండు గంటలు.
ఇంజను ఆపకుండానే లారీ దిగాడు నోల్బెర్తో.
"ఐదు నిమిషాలే" అన్నాడు, ఎవరితోనో.

అటకామాలో వాన పడదు గనక
ఏదీ కుళ్ళదు, ఏదీ పూర్తిగా పోదు.
కప్పుల్లేని ఇళ్ళ వరసలో
బోర్లా పడిన ఒక చెప్పు
బెరడులా బిగుసుకుపోయి
ఇంకా ఆ పాదం కొలతే పట్టుకుని ఉంది.
బడి గోడ మీద ఏడో ఎక్కం
ఏడారుల దగ్గరే ఆగింది.

సురేకారం తవ్విన ఊరు.
కూలి డబ్బు కాదు, నల్లటి బిళ్ళలు;
కంపెనీ కొట్లో తప్ప ఎక్కడా చెల్లవు.
వాళ్ళ అమ్మమ్మ హెర్మీన్యా
చివరి రైలెక్కుతూ ఒకటి
గౌను అంచులో కుట్టేసుకుందట.

కొట్టుకి కిటికీ ఉంది, గుమాస్తా లేడు.
నోల్బెర్తో చెయ్యి లోపలికి చాపి
దుమ్ములో బిళ్ళ పెట్టాడు.
"ఒక రొట్టె."
నవ్వుతాడనుకున్నాను.

ఎక్కడో రేకు కొట్టుకుంది.
నిజంగానే ఎదురుచూశాడు కాసేపు,
అరువడిగినవాడిలా తల వంచుకుని.

తర్వాత బిళ్ళ తుడిచి జేబులో వేసుకున్నాడు.
రోడ్డు మీద లారీ ఇంకా గురక పెడుతోంది.
"ధర పెరిగిందట" అన్నాడు
తలుపు లాగుతూ.