నాలుగు బోర్లు

కలాసిపాళ్యం బస్టాండు వెనక సందులో
చైను కప్పీకి వేలాడుతోంది నా జీపు గుండె.
గుండె అనొద్దంటాడు బాబాజాన్.
"గుండెనయితే ఇట్లా దించి మళ్లీ బిగించలేం మేడమ్.
ఇది ఇంజను. ఇంజననండి."

సరే, ఇంజను.
ఎనభై తొమ్మిదో మోడలు.
కొత్త పచ్చరంగు వాసన ఇంకా పోలేదు.
మూడు వారాలు లేతు షాపులో పడుండి
నాలుగు బోర్లూ చేయించుకొని వచ్చింది.

బోరు అనే మాట వింటే
నా చెయ్యి డైరీ కోసం తడుముకుంటుంది.
ఇరవై రెండేళ్లు ఈ జీపులోనే
బాగేపల్లి, గుడిబండ, చింతామణి చేలల్లో తిరిగి
నాలుగు ఇనప మేకులు నేలలో దిగ్గొట్టి
మీటరు ముల్లు చూసి
"ఇక్కడ వేయించండి" అన్నదాన్ని.

నాలుగు వేస్తే రెండు దుమ్ము లేపేవి.
ఆరొందల అడుగుల కింద నుంచి
పిండి లాంటి తెల్లదుమ్ము,
వేరుశనగ మొక్కల మీద, ఎద్దుల వీపుల మీద, నా జుట్టు మీద.
చేనాయన ఒక్క మాట అనేవాడు కాదు.
చెంబుడు మజ్జిగిచ్చి పంపేవాడు.
ఆ మజ్జిగ ఇప్పటికీ అరగలేదు నాకు.

"లైటు ఇటు పట్టండి" అన్నాడు బాబాజాన్.
క్లచ్చు హౌసింగు లోపల
ఇరవై ఏళ్ల మసిని డీజిలు గుడ్డతో తుడిస్తే
సూదిమొనతో గీసిన అక్షరాలు.
కన్నడం. తలకట్టు కాస్త వంచితే మన తెలుగే.
తిమ్మరాజు. 11-8-98. మళె.

ఆ రోజు వాన పడింది.
రేకుల కింద, నూనె చేతులతో, ఎవరో తిమ్మరాజు
ఇంజను మూసే ముందు
ఆ సంగతి ఎవరికో చెప్పాలనుకున్నాడు.
"ఎవడో గానీ మంచి చెయ్యి," అన్నాడు బాబాజాన్,
"ఒక్క బోల్టూ మొండికెయ్యలేదు."

సూది నా చేతికిచ్చాడు.
బాబాజాన్ పేరు రాశాను. కుర్రాడు ముత్యాలు
తన పేరు తనే రాస్తానని పట్టుబట్టి
'ము' దగ్గర ఆగిపోయాడు.
కింద నేను తేదీ వేసి, ఎండ, అని రాశాను.
డైరీలో రాయని పేర్లు కొన్ని నోటిదాకా వచ్చాయి.
ఇనుము మీద అంత చోటు లేదు.

తర్వాత గొలుసు కిర్రుకిర్రుమంటూ దిగింది.
షాఫ్టు నోట్లోకి క్లచ్చు పళ్లు దొరికీ దొరకక
వేలెడు సందు. అక్కడే నిలిచిపోయింది.
బోల్టులేసి లాగేద్దామన్నాడు ముత్యాలు.
"లాగితే వస్తుందిరా. పగిలీ వస్తుంది."
టాపు గేర్లో వేసి, పుల్లీ నట్టుకు పానా పెట్టి
వెంట్రుకంత తిప్పు, ఇంకో వెంట్రుక,
సందు చివర టీ గ్లాసులు చల్లారిపోయాయి,
మైసూరు బస్సు ఒకటి హారను కొట్టి కొట్టి వెళ్లిపోయింది,
ఇంకో వెంట్రుక.

చప్పుడు కాదు అది.
చప్పుడు మారడం.
రాడ్డు కింద బండ విడిచి నెర్రె దొరికినప్పుడు
డ్రిల్లరు ముందు తల పైకెత్తుతాడు, నీళ్లు తర్వాత వస్తాయి.
అట్లా తలెత్తాడు బాబాజాన్.
సందు మూసుకుంది.

చేతిపంపు కొట్టి కొట్టి గాలి బుడగలు తీసి
హీటరు ఎర్రబడేదాకా ఆగి
తాళం తిప్పితే
మూడుసార్లు దగ్గింది. నాలుగోసారి
సందంతా నల్లపొగ, ఎదురు కొట్టు కొబ్బరికాయలాయన తిట్లు,
ఆయిలు ముల్లు వణికి, లేచి, నిలబడింది.

అరగంట తిరగనిచ్చాడు.
ఆపి, డిప్‌స్టిక్కు లాగి, గుడ్డకు తుడిచి, మళ్లీ ముంచి
ఎండలో పెట్టి చూశాడు.
నూనె తెల్లబడితే అంతా వృథా.
నేను మాత్రం చేను గట్టు మీద నిలబడ్డట్టే ఉన్నాను,
కాళ్లకు చెప్పుల్లేకుండా.

"నీళ్లు పడలేదు మేడమ్" అని నవ్వాడు.
"నాలుగిట్లో ఒక్కదాంట్లో కూడా."

మళ్లీ చెప్పమన్నాను.