గాంధారం మెట్టు

సూర్‌లో మా మాస్టారి లేబర్ కార్డు మీద
స్టోర్ కీపర్ అని ఉండేది.
ఆరు రోజులు నట్లూ బోల్టులూ లెక్కపెట్టి
శుక్రవారం పొద్దున్నే తెల్ల చొక్కా తొడుక్కుని
దర్జీ షాపు మీది గదిలో చాప పరిచేవాడు.

బొంతు దేవసహాయం. పాలకొల్లు పక్క ఊరు.
మీ గురువెవరు మాస్టారూ అని అడిగితే
“ఓ కిటికీ” అన్నాడు.
ఏ వీధిదో, లోపల ఎవరున్నారో,
ఈయన బయటెందుకు నిలబడ్డాడో
మేం పెద్దయ్యాక మాకే తెలిసింది.

తంబూరా లేదు. కిటికీకి బిగించిన పాత ఏసీయే శ్రుతి.
“మనది ఒకటిన్నర, దానిదీ ఒకటిన్నర,
దేవుడి దయ” అనేవాడు.
కంప్రెసర్ ఆగినప్పుడల్లా
మా పాట ఓ పక్కకి ఒరిగిపోయేది.

ఊరెళ్ళిపోతూ ఎవరో అమ్మేసిన హార్మోనియం.
సముద్రపు చెమ్మకి లోపలి రేకు చిలుమెక్కి
గాంధారం మెట్టు నొక్కితే
ఉఫ్‌మని గాలి మాత్రం వచ్చేది.
“అది మీ పని” అనేవాడు.
స, రి తను పలికించి చెయ్యెత్తేవాడు.
పదిహేను గొంతులం ఆ గోతిలోకి దూకేవాళ్ళం.
మధ్యమం దగ్గర మళ్ళీ ఆయన అందుకునేవాడు.

ఫీజు ఇంతని ఎప్పుడూ చెప్పలేదు.
మలయాళీ నర్సమ్మ ఫోన్ కార్డు ఇచ్చేది.
ఎరువుల ఫ్యాక్టరీ ఇంజనీరు గారు కవర్లో రియాళ్ళు పెట్టేవారు.
కవరు విప్పకుండా జేబులో తోసేసి
మా అమ్మ పంపిన గోంగూర సీసాని మాత్రం
వెలుగుకి పట్టి చూసేవాడు.

నాకు తొమ్మిదేళ్ళు, నత్తి.
పాడితే నత్తి రాదని ఆయనకు మొదటి రోజే తెలుసట.
నాకు చెప్పలేదు.
నాకే తెలిసేదాకా ఐదు శుక్రవారాలు ఆగి,
ఆరోనాడు అందరితో పాటే తిట్టాడు:
“గొంతేమన్నా అద్దెకి తెచ్చుకున్నావా,
అంత పొదుపుగా వాడుతున్నావ్?”
ఆ తిట్టు తింటూ ఇంటికి పరుగెత్తాను, నవ్వుకుంటూ.

జుమ్మా బాంగు మొదలవగానే తిత్తి మూసేవాడు.
“విను. ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో విను.”
మెట్ల మీద ఖల్ఫాన్ లేచి నిలబడేవాడు,
ఒంటి నిండా టేకు పొట్టుతో,
పడవల యార్డు నుంచి ముందే వచ్చి కూర్చునేవాడు.
అతనికి తెలుగు రాదు. సరిగమలు వచ్చు.

అరవై నిండాయి. వీసా రెన్యూ చెయ్యలేదు.
విమానంలో ముప్పై కేజీలే.
పద్దెనిమిదేళ్ళు మేకులు తూచిన కాటా మీదే
హార్మోనియం పెట్టి చూసుకున్నాడు. పదకొండు.
పక్కన మా నోటు పుస్తకాలు పెట్టాడు. తొమ్మిదిన్నర.
పుస్తకాలు తీసుకెళ్ళాడు.

పెట్టె ఖల్ఫాన్‌కి దక్కింది.
పాత పడవ గంట ఇత్తడి కోసి, ఆకురాయితో రుద్ది
కొత్త రేకు చేశాడతను.
ఆ మెట్టు మొదటిసారి పలికిన రోజు
మేమెవ్వరం అక్కడ లేం.
కొందరం మస్కట్‌లో, ఒకడు దోహాలో,
నేను బహ్రెయిన్‌లో నైట్ డ్యూటీ నర్సుని.

పోయిన మార్చిలో మా గ్రూపులో ఓ వాయిస్ మెసేజ్.
మాస్టారు. వెనక ఆస్పత్రి ట్రాలీ చక్రాల చప్పుడు.
స అన్నాడు. చాలాసేపు. రి అన్నాడు.
ఆపైన పదకొండు సెకన్లు ఏమీ లేదు.
మెసేజ్ తెగిందనుకున్నారు కొందరు.
నేను మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని
ఒక్క గాంధారం పాడి పంపాను.
తర్వాత ఫోను ఆగలేదు.
దోహా నుంచి ఒకటి, కారులోంచి ఒకటి,
పసిపిల్ల ఏడుపు మధ్యలోంచి ఒకటి,
ఎవరి శ్రుతి వాళ్ళది, ఏసీ లేదుగా ఇప్పుడు.

చివర్న సూర్ నుంచి ఖల్ఫాన్ పంపాడు.
పాడలేదు. మెట్టు నొక్కి పట్టుకున్నాడు.
కాస్త తగ్గింది స్వరం, పడవ ఇత్తడి కదా.
మాస్టారు దానికి ఒక్కదానికే జవాబిచ్చాడు:
“ఇంకొంచెం రుద్దు.”