తరుగు

రెండో ఆటకి పదకొండు మందిమి.
ఇద్దరు ఏసీ కోసం వచ్చి, పేర్లు పడకముందే నిద్రపోయారు.
ఏసోబు నా పక్కన, చొక్కా మడతల్లో యార్డు ఘాటు.
వాడు చేయి కదిపినప్పుడల్లా
ముందు వరసలో ఎవరో ఒకరు తుమ్మారు.

సినిమాలో పాట లేదు.
పాట సరే, వెనక వయొలిన్ కూడా లేదు.
గాలి ఉంది. ముళ్ళకంచె ఉంది.
కంచెకి చిక్కుకున్న ప్లాస్టిక్ సంచి ఒకటి
ఎంతసేపు కొట్టుకుందంటే
"బొమ్మ ఆగిపోయిందేమో చూడు" అన్నాడు ఏసోబు.
ఆగలేదు. ఆ బొమ్మ నడకే అది.

ఎర్ర నేల.
గొళ్ళెం పెట్టడానికి తలుపైనా లేని ఆకాశం.
పశువుల సంతలో తూకాలు రాసే ముసలామె,
అప్పుల్లో మునిగి ఆమె తమ్ముడు చేసిన ఒక తప్పు,
దాన్ని వసూలు చేసుకోవడానికి
తెల్ల వ్యానులో వచ్చే మనిషి.
వాడు పరిగెత్తడు. గొంతు పెంచడు.
టోపీ తీసి అరుగు మీద పెడతాడు,
కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళతాడు,
మంచినీళ్ళు అడుగుతాడు.
తాగి, గ్లాసు కడిగి, బోర్లిస్తాడు.
తర్వాతది మనకు చూపించరు.
అరుగు మీద టోపీకి ఈగ ముసురుతుంది.

తుపాకులు పేలి సుమోలు గాల్లోకి లేచిన సినిమాలు
కొత్తపేటలో నేలటిక్కెట్టు రోజుల నుంచీ చూస్తున్నాను.
ఎప్పుడూ ఈల వేశాను గానీ
వెన్ను జలదరించలేదు.
ఈ రాత్రి
స్టీలు గ్లాసు కూడా కాదు, గాజుది,
చెక్క బల్ల మీద అది ఆనిన చప్పుడుకి
కాళ్ళు పైకి లాక్కుని కూర్చున్నాను.

విశ్రాంతి లేని బొమ్మకి మనవాళ్ళే విశ్రాంతి కోశారు,
సరిగ్గా వాడు తలుపు మీద చేయి వేసిన చోట.
లైట్లు వెలిగాయి.
చల్లారిన సమోసా, పక్కింట్లో దొంగ పడ్డట్టు
ఒకరి ముఖాలొకరం చూసుకోవడం.

రెండో సగంలో వాన పడుతుందనుకున్నాను. పడలేదు.
పోలీసు వచ్చాడు. జీపు దిగి,
నేల మీద ఏదో పోగొట్టుకున్నవాడిలా కాసేపు చూసి
మళ్ళీ ఎక్కాడు.
ముసలామె తూకాల పుస్తకం తెరిచి
తెల్ల వ్యాను మనిషి ముందు పెట్టింది.
వాడు అద్దాలు పెట్టుకుని చదివాడు.
ఒక అంకె దగ్గర వేలు ఆగింది.
ఆమె తల ఊపింది.

ఆ అంకె ఏమిటో సినిమా చెప్పదు.
నాకు తెలుసు.

ఇరవయ్యారేళ్ళుగా కాటా గుమస్తాని నేను.
తేమకి ఇంత, తాలుకి ఇంత, గోతానికి ఇంత,
ఇంతలన్నీ కలిపి ఇంకో ఇంత,
తరుగు రాసిన చేతిరాత నాది.
పోయినేడు మా షావుకారు ఐపీ పెట్టిన వారం,
షట్టరు మీద కాగితం అంటించిన వారం,
బొల్లాపల్లి నుంచి వచ్చాడు నాసరయ్య.
తక్‌పట్టీ నాలుగు మడతలు విప్పి
"ఈ రాత నీదే గదా" అన్నాడు.
కోపంగా కాదు. చిరునామా అడిగినట్టు.
మూడు రోజులు మెట్ల మీద కూర్చున్నాడు.
మూడో రోజు మంచినీళ్ళడిగితే ఇచ్చాను.
తాగి, గ్లాసు కడిగి, బోర్లించి,
తలగుడ్డ దులుపుకుని బస్సెక్కాడు.

తర్వాతది నేనూ చూడలేదు.
పేపర్లో జిల్లా పేజీలో, కింద, మూడు లైన్లు.

తెర నల్లబడింది. వెంటనే కాదు;
కంచె, సంచి, గాలి, అప్పుడు.
చప్పట్లు కొట్టాలనిపించింది, ఎవరికి కొట్టాలో తెలియలేదు.
ఊడ్చేవాడు చీపురుతో వచ్చేదాకా
కుర్చీలో ఉండిపోయాను.

చిలకలూరిపేట రోడ్డు మీద మిరప లారీలు,
పట్టాలు కప్పుకుని వరసగా, రేపటి కాటా కోసం.
పన్నెండున్నరకి కూడా తారు వేడి దిగలేదు.
చివరి పావుగంట నిద్రపోయిన ఏసోబు
బండి వెనక నుంచి అడిగాడు:
"ఇంతకీ, వాడు దొరికాడా?"

"ఎవడు?" అన్నాను.