ముందు పై మూత

మెస్తియాలో మే నెల.
రాతి బురుజుల నీడలు ఇంకా మంచు మీదే పడుతున్నాయి.
ఉష్గులి దారి నిన్ననే తెరిచారు.
కందెన వెచ్చబడితేనే మురికి కదులుతుందని
ఊరు చుట్టూ రెండు తిప్పులు తిప్పి తెచ్చి
బిమూర్జా షెడ్డు గోతిలో దిగి నిలబడ్డాను,
తల మీద నా డెలికా పొట్ట.

కుతాయిసిలో అమ్మినవాడు అన్నాడు:
"గేరు నూనె మార్చే పనే లేదక్కా,
జీవితకాలానికి సరిపడా పోసి పంపారు కంపెనీవాళ్ళు."
ఈ మాట చెబితే బిమూర్జా నవ్వలేదు.
స్పానరు తుడుచుకుంటూ అడిగాడు:
"ఎవరి జీవితకాలం?"

పుస్తకంలో ఓ లెక్క ఉంది, కాదనడు.
అరవై వేల కిలోమీటర్లు అని అచ్చేసి ఉంది.
కానీ ఆ కిలోమీటరు వేరు,
నున్నటి రోడ్డు మీద ఒంటరిగా
కిటికీ అద్దం దించుకుని పోయే కిలోమీటరు.
మన కిలోమీటరులో
ఏడుగురు పోలండు యాత్రికులు, వాళ్ళ మూటలు,
రెండు బస్తాల బంగాళాదుంపలు, ఎవరిదో ఒక మేనత్త,
నాలుగు చక్రాలూ బురదతో తగువు పెట్టుకుని
మొదటి గేరులో మూడు గంటల ఎక్కుడు.
"నువ్వు ముప్పై వేలకే మార్చు.
సీజను అయ్యాక ఒకసారి విప్పి చూడు.
నీళ్ళలో దిగావా,
లెక్కలు వెతక్కు, ఆ వారమే రా."

నీళ్ళ సంగతి నేను చెప్పలేదు.
పోయిన అక్టోబరులో, వంతెన కొట్టుకుపోయిన చోట,
నానో కొడుకు వెనక సీటులో జ్వరంతో పలవరిస్తుంటే
ఇరుసులు మునిగేదాకా దించేశాను.
వేడెక్కిన ఇనుముకి చన్నీళ్ళు తగిలితే
గుక్క పీల్చుకుంటుందట.
చుట్టూ గాలి లేకపోతే
నీళ్ళనే పీల్చుకుంటుందట.
ఆ రాత్రి నాదీ అదే గుక్క.

"ముందు ఏది విప్పుతావు?"
కింది మూత, అన్నాను.
స్పానరు లాక్కున్నాడు.
"పై మూత. ఎప్పుడూ ముందు పై మూత.
అది తుప్పుపట్టి రాకపోతే
ఉన్నదంతా కింద ఒలకబోసుకుని
పోసే దారి లేక కూర్చుంటావు.
ఓట్యా కూర్చున్నాడు, ఇదే గోతిలో, రెండు రోజులు."

పై మూత పావుగంటకు కదిలింది.
సొంత భాషలో తిట్లు అయిపోతే
జార్జియన్ నుంచి అప్పు తెచ్చుకున్నాడు.

ముందు డిఫరెన్షియల్:
నల్లగా, సన్నటి తీగలా దిగింది.
గంధకం వాసన. మాడు వాసన లేదు.
నడిమి పెట్టె: ముదురు గోధుమ రంగు. పరవాలేదు.
వెనకది

పాలు కలిపిన కాఫీ.

ఇద్దరం మాట్లాడలేదు.
అక్టోబరు వాగు పళ్ళెంలోకి
తాపీగా కారుతూనే ఉంది.
మూత అయస్కాంతానికి పట్టిన బూడిద గుజ్జును
బొటనవేలితో రాసి, వెలుతురులోకి తిప్పి చూశాడు.
"మెత్తగా ఉంటే అరిగింది. గుచ్చుకుంటే విరిగింది."
నా వేలికీ కాస్త పూశాడు.
గుచ్చుకోలేదు.
"ఇంకో నెల ఆగి ఉంటే గుచ్చుకునేది," అన్నాడు,
అని, నా మొహం చూసి,
అనకుండా ఉండాల్సింది అనుకున్నాడేమో
పంపు వెతకడానికి వెళ్ళిపోయాడు.

కొత్త నూనె తేనె రంగులో ఎక్కింది.
ఎంత పొయ్యాలి అంటే
ఇక చాలని అదే చెబుతుందన్నాడు.
పై మూత అంచు దాటి ఒక చుక్క
నా చెంప మీద పడింది. చాలు.

తలుపు లోపలివైపు సుద్దముక్కతో
కిలోమీటర్ల అంకె రాశాడు, తేదీ వేశాడు,
దాని పక్కన ఒకే మాట: నీళ్ళు.
ఎందుకు దిగావని అడగలేదు.
షెడ్డు బయట నానో కొడుకు
అరిగిన టైరొకటి దొర్లిస్తున్నాడు,
అది ఎటు పోతే అటే పోతున్నాడు.

చేతులు బూడిదతో మూడుసార్లు తోమాను.
సాయంత్రం కుబ్దారికి పిండి కలపబోతే
మా అత్త ముక్కు మూసుకుని
నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వలేదు.